పోటీ లేని చెరువు సంఘం

మొన్న ఆదివారం జనగామలో మేముండే కాలనీ సంఘానికి ఎన్నిక పెడదామని కూర్చున్నవాళ్లు, చాయ్ చల్లారేలోపే అధ్యక్షుణ్ణి ఏకగ్రీవం చేసేసి, చప్పట్లు కొట్టి, నా చేతిలో ఓ లడ్డూ పెట్టి వెళ్లిపోయారు. నలుగురూ సంతోషంగా ఉన్నచోట మొహం చిట్లించుకునే ముసలాడినని నాకు పేరుంటే ఉండనీయండి గాని, ఆ చప్పట్లు వినగానే కొడకండ్ల వైపు ఒక ఊళ్లో నేను జరిపించిన, నిజానికి జరగనే జరగని, నీటి సంఘం ఎన్నిక గుర్తొచ్చి ఆ లడ్డూ నోటికి పోలేదు.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో చెరువుకొక సంఘం ఉండేది, ఆ చెరువు కింద పొలం ఉన్నవాళ్లకే ఓటు ఉండేది, పొలాలను వార్డులుగా విడగొట్టి వార్డుకొక సభ్యుణ్ణి ఎన్నుకునేవాళ్లు, ఏ పని వచ్చినా మొదట గుర్తొచ్చేది మా బడిపంతుళ్లమే కాబట్టి ఎన్నికల అధికారి పని కూడా మా నెత్తినే పడేది. చిన్న ఎన్నికే కదా అనిపిస్తుంది. కాని యాసంగిలో చెరువులో మిగిలిన నీళ్లు ఎవరి మడి దాకా పారాలో తేల్చే తైబందీ ఆ సంఘం చేతిలో ఉండేది, అందుకని శాసనసభ ఎన్నికల్లో ఒకే జీపులో తిరిగిన అన్నదమ్ములు కూడా ఇక్కడ మాత్రం కత్తులు నూరుకునేవాళ్లు.

ఊరూరా తెలంగాణ ఉద్యమం రాజుకున్న రోజులవి. ఆ ఊరి పెద్ద మా అక్కను చేసుకున్న బావే. తూము దిగగానే మొదట వచ్చే పొలాలు ఆయనవి, రోడ్డు పక్కన వేసిన దీక్షా శిబిరంలో మైకూ ఆయనదే. మన నీళ్లు మనకు రాకుండా ఎట్లా మళ్లించుకుపోతున్నారో ఆయన చెబుతుంటే ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకునేవాళ్లు, నేనూ కళ్లు తుడుచుకున్నాను, అబద్ధమెందుకు.

చెరువు కింద ఆఖరి వార్డులో సగం పొలాలు బోర్లున్న ఊరివాళ్లవి, సగం చెరువే దిక్కైన తండావాళ్లవి. తండాలో ఒక లంబాడా ఆమె, భర్త పుణెలో మేస్త్రీల దగ్గర కూలికి పోతే పొలం తానే చేసుకునేది, ఎన్ని యాసంగులు చూసినా తమ మడుల దాకా నీళ్లు పారడం లేదని ఆ వార్డుకు నామినేషన్ వేసింది. సంఘంలో మనవాళ్లెవరైనా ఉంటే తప్ప గింజ ఇంటికి రాదని తండా అంతా ఆమె వెనక నిలబడింది. ఊరికి అది మింగుడుపడలేదు, ఉద్యమం నడుస్తుంటే ఊళ్లో పోటీ ఏమిటి, ఐక్యత ఏం కావాలి అన్నారు. ఎవరూ ఆమెను కొట్టలేదు, పల్లెత్తు మాట అనలేదు. ఆఖరి వార్డుకు పోయే తూము మూసేశారు, అంతే.

వరి పొట్ట మీద ఉంది. నేను మండలాఫీసుకు పోయి మొత్తుకుంటే, తూము షట్టరు చెడిపోయిందని ఊరి నుంచి ముందే కబురందిందన్నారు. తిరిగొచ్చి బావను నిలదీస్తే ఆయన నా భుజం మీద చెయ్యేసి నవ్వాడు. "నువ్వు ఎలక్షన్ ఆఫీసరువు బామ్మర్దీ, తూము తిప్పే నీరటివి కాదు. నీళ్ల సంగతి నీకెందుకు?"

ఆమె నామినేషన్ వెనక్కి తీసుకుంటే ఆ పూటే తూము తెరుస్తామని పెద్దమనుషులు తండాకు మాటిచ్చారు. గడువు ముగిసే రోజున ఆమె వచ్చి నా బల్ల ముందు నిలబడితే, నిబంధన ప్రకారం అడగాలి కాబట్టి, ఇష్టపూర్వకంగానే తప్పుకుంటున్నావా అని అడిగాను.

"వరి ఎండుతున్నది సారూ. ఇష్టం ఎండకముందే వేలిముద్ర తీస్కో."

ఆ వార్డుకు ఊరివాడే ఏకగ్రీవమయ్యాడు, సాయంత్రం బాజాలు మోగాయి, నాకు శాలువా కప్పారు, తూమూ తెరిచారు. తెరిచిన నీళ్లను దారిలో పైమళ్లవాళ్లు కాలువకు అడ్డంగా మట్టికట్టలు వేసి ఎక్కడికక్కడ తమ పొలాల్లోకి తిప్పుకున్నారు. ఆఖరి వార్డు దాకా తడి కూడా రాలేదు. కొన్నాళ్లు చూసి ఆమె తాలుపోయిన వరి కంకులు పిడికెడు కోసుకుని నేరుగా దీక్షా శిబిరానికి వచ్చి బావ ముందు పడేసింది.

ఆయన మైకు పక్కకు కూడా జరపలేదు. "తూము తెరుస్తమన్నం, తెరిసినం. నీ మడిదాంక బిందెలతోని మోసుకొచ్చి పోస్తమన్నమా?"

శిబిరమంతా గొల్లుమంది. నవ్వినవాళ్లలో చాలామంది మంచివాళ్లే, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు దవాఖానకు మోసుకుపోయేవాళ్లే, వాళ్లట్లా నవ్వడం చూశాక మంచితనం మీద నాకున్న నమ్మకం చాలావరకు పోయింది. ఆమె కంకులన్నీ ఏరుకుని లేచేసరికి బావ మన నీళ్ల గురించి మళ్లీ మొదలుపెట్టాడు, జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. ఎండిన ఆ వరిలోకి ఊరి పశువులనే తోలారు, ఊరికే పోతుంది కదా అని. వేసవి రాకముందే ఆమె ఆ మడి బావకే అమ్ముకుని భర్త దగ్గరికి వెళ్లిపోయింది.

రాష్ట్రం వచ్చింది. వచ్చిన రోజు నేను చిన్నపిల్లాడిలా ఎగిరాను, దానికి ఇప్పటికీ సిగ్గుపడను. చెరువు పూడిక తీశారు, కాలువ నీళ్లు కలిపారు, నీటి సంఘాలు ఎప్పుడు పోయాయో ఎవరికీ గుర్తు లేదు. పోయిన యాసంగిలో బావను చూడటానికి పోతే, ముసలాయన ఉత్సాహంగా నన్ను ఆ పొలం దాకా నడిపించుకుపోయి, చూశావా బామ్మర్దీ, కొట్లాడితే నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయో అన్నాడు. నిజమే, గట్టు నిండా నీళ్లు. ఆమె ఇప్పుడు పుణెలో ఏ కట్టడం మీద ఇటుకలు తడుపుతున్నదో గాని, ఆమె మడికి మాత్రం ఒక్కపూట కూడా నీళ్లు ఆగడం లేదు.