దొరసాని చెల్లెలికి ఒక అత్తం చక్కెరకేళీలు

తప్పులుంటే మన్నించండి. నేను చదివింది ఐదో తరగతి వరకే, నా రాత కోడి కెలికినట్టుంటుంది. నేను కాగితం మీద రాసిస్తే మా ఆయన అలాగే మన సింగపూర్ తెలుగువాళ్ల గ్రూపులో పెడతానన్నారు. "నాకు చెప్పావే, ఆ అరటిపళ్ల సంగతి రాయి" అన్నారు... రాస్తున్నా.

మా చిన్నప్పుడు... మా నాయనమ్మ ఊళ్లో మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసేది. అక్కడి నర్సు దొరసానిది ఇంగ్లండులో ఏదో పల్లెటూరు. అచ్చం పుస్తకంలో ఉన్నట్టు తెలుగు మాట్లాడేది. వీధికుక్కని కూడా "మీరు వెళ్లుడి" అనేది!

సాయంత్రాలు వరండాలో కూర్చోబెట్టి మాకు వాళ్ల ఊరి కబుర్లు చెప్పేది. యుద్ధమట... దీపం బయటికి కనపడకుండా కిటికీలకి నల్లగుడ్డలట. మనిషికి వారానికి ఒక్కటే కోడిగుడ్డట. "మా చెల్లెలు అరటిపండును చూడనే లేదు" అందో రోజు. నాకు ఆ పూట అన్నం సహించలేదు. అరటిపండు లేని ఊరా!

అంతలో ఆ చెల్లెలే వచ్చింది... వారం ఉండి ఆదివారం వెళ్లిపోతుందట!

ఇంక నాకు కాలు నిలవలేదు. మా పెరట్లో చక్కెరకేళి గెల ఉంది గానీ అన్నీ పచ్చికాయలే. నాయనమ్మని బతిమాలాను. గెలలోంచి ఒక అత్తం కోసి, బానలో వరిగడ్డి మధ్య పెట్టి, పొగ వేసి, మూతకి తడిగుడ్డ చుట్టింది. "నాలుగు రోజులు దీని జోలికి రాకు" అంది.

రాకుండా ఉంటానా... గంటకోసారి మూత తీసి చూడటమే!

"ఒసేయ్, పొగంతా పోతోందే! పొదిగే పెట్టలాగా ఆ బాన దగ్గరే కూర్చుంటావేంటే?"

ఆదివారం పొద్దున్న తీస్తే ఏముంది... రెండు పళ్లకి కాస్త పసుపు రంగు, మిగతావన్నీ పచ్చివే. ఏడుపొచ్చింది. అయినా పరికిణీ ఒళ్లో వేసుకుని పరిగెత్తాను. ఆసుపత్రి గేటు దగ్గర జీపు బయల్దేరబోతోంది. అంత పరిగెత్తానా, తీరా అక్కడికెళ్లాక గేటు వెనక నక్కాను.

"ఇవ్వవే మొద్దూ!" అని వెనకే వచ్చిన నాయనమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది.

"మీ ఊళ్లో పిల్లలందరికీ తలా ఒకటి పెట్టండి" అనేశాను.

దొరసాని చెల్లెలికి వాళ్ల భాషలో చెప్పి, పకపకా నవ్వింది. "అమ్మాయీ, అవి మా బాల్యపు సంగతులు! యుద్ధము ముగిసి నలభై సంవత్సరములు అగుచున్నది. ఇప్పుడు అక్కడ అన్నియు దొరకును!"

చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకటే నవ్వు. భూమిలోకి దూరిపోదామనిపించింది నాకు.

అప్పుడా చెల్లెలు ఏం చేసిందో తెలుసా... ఒక కాయ తీసుకుని, తొక్కతో సహా కరకర కొరికింది! మూతి వంకర పెట్టి, నాకేసి కన్ను గీటింది.

దొరసాని కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. "యుద్ధానంతరము మొదటి పండు ఈమెకిచ్చితిమి. ఒలవవలెనని ఎవరమూ చెప్పలేదు. ఇట్లే కొరికినది!"

నా మీది నవ్వులన్నీ ఆ చెల్లెలి మీదికి పోయాయి... ఆవిడకి కావలసిందీ అదే. మిగతా కాయలన్నీ ఒక్కటీ వదలకుండా సంచీలో పెట్టుకునే జీపెక్కింది.

ఇక్కడ సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాట్ కింద కొట్లో ఎప్పుడు చూసినా పసుపుపచ్చటి పళ్లే. ఒక్క మచ్చ కనపడితే చాలు, మా అమ్మాయి ఇక్కడి ఇంగ్లీషులో "బ్లాక్ స్పాట్ లా, డోంట్ వాంట్!" అని తోసేస్తుంది. పండు కోసం నాలుగు రోజులు ఎదురుచూడటమంటే దానికెలా చెప్పను...

మీరు ఎవరికోసం ఏం మాగేశారో మీరూ రాయండి.

ఇది ప్రింటు తీసుకున్నవాళ్లుంటే మాత్రం చదివాక కాల్చేయండి, నాకు సిగ్గు. ఊరికే కాల్చకండి... ఆ పొగలో ఓ అత్తం పచ్చికాయలు మాగేయండి. మధ్యలో మూత తీయకండేం!