మోకాలి కింద తువ్వాలు

మా బావ టైల్స్ పరిచే మేస్త్రి. నేల పని తప్ప ఇంకోటి ముట్టుకోడు. గోడలకి టైల్స్ అంటించేవాళ్ళని అసలు మేస్త్రీల్లోనే జమకట్టేవాడు కాదు. "అది నిలబడి చేసే ఉద్యోగంరా, టై కట్టుకుని కూడా చెయ్యొచ్చు" అనేవాడు. నేను ఆయన బామ్మర్దిని, పైగా ఆయన దగ్గరే పని నేర్చుకున్నవాణ్ణి. రెండు విధాలా నోరు మూసుకుని వినాల్సినవాణ్ణే.

దూరపు గోడ దగ్గర మొదలుపెట్టి, మోకాళ్ళ మీద వెనక్కి జరుగుతూ, గుమ్మం దాకా వచ్చాక గానీ లేచేవాడు కాదు. మధ్యలో లేస్తే చూపు మారిపోతుందట. పరిచిన ప్రతి టైలునీ సుత్తి పిడితో తట్టి వినేవాడు. డొల్లగా మోగిందా, ఊడబెరికి కింద సిమెంటు నింపి మళ్ళీ వేసేవాడు. "కింద ఖాళీ ఉంటే పైన ఎంత మెరిసినా పగిలిపోతుంది" అనేవాడు. టైల్స్ విషయంలో ఆ మాట అక్షరాలా నిజం.

కుడి మోకాలు మొదట్లో లేచేటప్పుడు పట్టేసేది. తర్వాత మెట్లు దిగేటప్పుడు. మందుల షాపువాడిచ్చిన బిళ్ళ మింగి, గుడ్డ బిగించి కట్టుకుని పనికొచ్చేవాడు. బరువంతా ఎడమ మోకాలి మీదే వేసి జరిగేవాడు. ఒకరోజు గుమ్మం దాకా వచ్చి లేవలేకపోయాడు. ఇంటి యజమాని చూస్తుండగా చంకల కింద చేతులేసి నేనే లేపాను. ఇంటికొచ్చేదాకా నా మొహం చూడలేదు.

ఆస్పత్రిలో ఎముకల డాక్టరు, అరుగుదల కొంచెమే ఉంది, ఆపరేషన్ అక్కర్లేదని చెప్పి కింది అంతస్తులో ఫిజియోథెరపీకి పంపాడు. అక్కడి డాక్టరమ్మని బావ ఒక్కటే అడిగాడు. "మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని పని చేసుకోగలనా అమ్మా?"

ఆమె రెండు తొడల్నీ టేపుతో కొలిచింది. కుడిది సన్నబడింది. "చెప్పినట్టు చేస్తే ఆశ ఉంది మేస్త్రిగారూ. మోకాలు దానంతటది నిలబడదు, దాన్ని పట్టి ఉంచేది ఈ తొడ కండ. నొప్పికి భయపడి మీరు దీనికి పని తగ్గించారు, ఇది చిక్కిపోయింది. ఇది చిక్కేకొద్దీ బరువంతా కీలు మీద పడుతుంది. అరిగిందని కదపడం మానేస్తే ఇంకా పాడవుతుంది."

తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టింది. మోకాలితో దాన్ని కిందికి నొక్కి, ఐదు లెక్కపెట్టేదాకా బిగబట్టి వదలమంది. అయ్యాక తువ్వాలు తీసేసి, కాలు తిన్నగా చాపుకుని పడుకోమంది.

బయటికి రాగానే బావ నవ్వాడు. "నొప్పేమో మోకాల్లో, తప్పేమో తొడది! బోడిగుండుకీ మోకాలికీ ముడెయ్యడమంటే ఇదే." కానీ తువ్వాలు మాత్రం ఆయనకి తెగ నచ్చింది. "చూశావా, కింద ఖాళీ కనిపెట్టి నింపింది. పని తెలిసిన మనిషి" అన్నాడు.

నొక్కడం రెండు రోజులు చేశాడు. నొక్కితే నొప్పి, ఊరికే పెట్టుకుంటే హాయి. ఇంక నొక్కడం దేనికని మానేశాడు. తువ్వాలు చాలడం లేదని దిండు పెట్టాడు. పగలూ రాత్రీ మోకాలి కింద దిండే. మా అక్క లాడ్జిలో గదులు తుడిచే పనికి వెళ్తూ, ఆయనకి కావలసినవన్నీ మంచం పక్కనే అమర్చి పోయేది. "ఏమయ్యా, డాక్టరమ్మ తీసెయ్యమంది కదా" అని అక్క అంటే కస్సుమనేవాడు. "కింద ఏం నింపాలో నాకు నువ్వు నేర్పుతావా?" తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మళ్ళీ చూపించుకోవాల్సిన రోజున కూడా వెళ్ళలేదు, నొప్పి తగ్గింది కదా అన్నాడు. తగ్గకేం, మంచం మీద ఉన్నవాడికి నొప్పేంటి?

పనికి వద్దామని లేచిన రోజున మడమ నేలకి ఆనలేదు. మోకాలు వంగినచోటే బిగుసుకుపోయింది. కూర్చుని కాలు చాపి, రెండు చేతులతో అదిమాడు. కదల్లేదు. నేల మట్టం చూసుకునే తన రసమట్టం తెచ్చి మోకాలి కింద ఎముక మీద పెట్టమన్నాడు. పెట్టాను. బుడగ ఓ చివరికి పోయి ఆగింది. అంతటి మనిషి ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బావుండేది. "వంచి ఉంచితే హాయిగానే ఉంటుంది. కానీ అలాగే వదిలేస్తే వెనక కండలు కురచైపోతాయి" అంది. ఇప్పుడు తువ్వాలు మడమ కింద పెట్టింది. మోకాలి కింద ఏమీ లేదు, వట్టి ఖాళీ. ఆ ఖాళీలోకి కాలు తన బరువుతో తనే దిగాలి. జీవితమంతా ఖాళీలు నింపినవాడు పళ్ళు బిగించి ఆ ఖాళీ వైపే చూస్తూ మూలిగేవాడు. అక్క పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకునేది. తర్వాత కాలు తిన్నగా పైకెత్తడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, మెట్టెక్కి దిగడం. చేసేటప్పుడు కాస్త నొప్పెడితే భయం లేదు, మర్నాటికీ తగ్గకపోయినా, వాచినా చెప్పమనేది. ఒక్కరోజూ మానలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడనుకోండి, పట్టుకున్నాక మాత్రం వదల్లేదు.

కాలు దాదాపు తిన్నగా వచ్చింది. కర్ర లేకుండా నడుస్తున్నాడు. అప్పుడు మొదటి రోజు ప్రశ్నే మళ్ళీ అడిగాడు. "నడిపించగలిగాను మేస్త్రిగారూ. మోకాళ్ళ మీద మాత్రం వద్దు. అప్పుడే గనక..." అని ఆపేసింది. బావ తలూపి చెప్పులేసుకున్నాడు.

ఇప్పుడాయన గోడ పని చేస్తాడు. కింది వరసలు నేను పెట్టాలి, నడుము పైనుంచి ఆయన. టై సంగతి ఎవరూ ఎత్తరు. నా వరసలు అయ్యాక "తట్టు" అంటాడు. నేను కూర్చుని ఒక్కో టైలూ తడతాను, ఆయన నిలబడి వింటాడు.

మొన్న ఓ స్నానాలగదిలో కింది వరసలు ముగించి లేవబోతూ గోడ పట్టుకున్నాను. అప్పుడే పెట్టిన టైలు నా చేతి కింద పక్కకి జారింది. మళ్ళీ కూలబడి, తిడతాడని తల దించుకున్నాను. బావ టైలు వంక చూడలేదు.

"ఏ కాలు?"

"ఏం లేదు బావా, తిమ్మిరి."

"ఏ కాలురా?"

"కుడిది."

భుజం మీది తువ్వాలు తీసి, చుట్టచుట్టి, వంగలేక నా ఒళ్ళోకి విసిరాడు. "కాలు చాపు. మోకాలి కింద పెట్టుకో. నొక్కు."

నొక్కాను. నొప్పికి కళ్ళు తిరిగాయి. ఆయన ఐదు దాకా లెక్కపెట్టి వదలమన్నాడు, మళ్ళీ నొక్కమన్నాడు, మళ్ళీ లెక్కపెట్టాడు. ఇంక చాలన్నాక, ఆ హాయికి నేను కాలు కదపకుండా అలాగే కూర్చున్నాను.

బావ చెయ్యి చాపాడు. లేపుతాడేమోనని పట్టుకోబోయాను.

"నువ్వు కాదు. తువ్వాలు ఇటిచ్చెయ్" అన్నాడు.