చుక్కకు దోమతెర

పాప పుట్టాక నన్నొక అనుమానం పట్టుకుంది: నేనింకా లెక్కలు చేయగలనా? స్టవ్ ఆపానో లేదో రెండుసార్లు చూసుకునే స్థితి నాది. పరిశోధన మధ్యలో ఆపి జనగామలో అత్తగారింట్లో ఉన్నాను. తిరిగి వస్తానో రానో వేసవిలోగా తేల్చి చెప్పమన్నారు మా గైడు. చెప్పేముందు, చుక్కల వెలుగును వడకట్టడానికి నేను లెక్కగట్టిన ఫిల్టరు పనిచేస్తుందో లేదో చూడాలనుకున్నాను. మహబూబాబాద్‌లో అమ్మ వాళ్లింట్లో ఉన్న టెలిస్కోపు తెప్పించుకున్నాను.

దాని అడుగున ఉన్న పెద్ద అద్దం వెలుగును పోగుచేస్తుంది. ఆ వెలుగును కంటివైపు తిప్పే చిన్న అద్దం దారికి అడ్డంగా నడిమధ్యన ఉంటుంది. ఆ అడ్డం వల్ల చుక్క చుట్టూ వెలుగు వలయాలు బలపడతాయి. పైగా చవక అద్దం, అంచు సరిగ్గా అరగలేదు; అక్కడి వెలుగు చెదిరిపోతుంది. ఆకాశంలో వేటగాడి ఆకారపు చుక్కల గుంపులో కాలి దగ్గర మెరిసే చుక్కకు ఒక చిన్న తోడు చుక్క ఉంది. నాకెప్పుడూ కనబడలేదు, ఆ వెలుగులో మునిగిపోయేది.

అంచు దగ్గర వెలుగును కొద్దికొద్దిగా తగ్గిస్తే వలయాలు పలచబడతాయి. అందుకు కిటికీకి కొట్టే దోమల జాలి చాలు. మూడు పొరలకు వేర్వేరు వెడల్పుల రంధ్రాలు కోసి, డాబా మీద గొట్టం మూతికి కట్టాను.

అత్తమ్మ పాపను ఎత్తుకుని పైకి వచ్చింది. "గిదేంది పిల్లా, చుక్కలకు గూడ దోమలు కుడతయా?"

"వెలుగును జల్లెడ పడుతున్న, అత్తమ్మా."

"పట్టు, పట్టు. పిండి జల్లెడ పట్టుమంటే మాత్రం నడుం నొస్తది నీకు."

ఆ సాయంత్రం వలయాలు కాస్త తగ్గాయి గానీ తోడు చుక్క లేదు. నా భయమే నిజమైందనుకున్నాను. అయినా ఎందుకు అన్న ప్రశ్న వదల్లేదు. మర్నాడు కావాలనే ఫోకస్ తప్పించి చూశాను. చుక్క చిల్లుగారెలా ఉబ్బింది. బయటి అంచు మెత్తగా మసకబారింది. నడుమ చిన్న అద్దం నీడ పడ్డ చిల్లు అంచు మాత్రం కత్తితో కోసినట్టుంది. నేను వాడిన సూత్రం నడుమ అడ్డంలేని కటకాలది. నీడకూ అంచు ఉంటుందని మరిచాను.

మళ్లీ లెక్క కట్టి, నడిమి నీడ చుట్టూ కూడా జాలి వలయాలు పెట్టాను. ఈసారి నా కళ్లను నమ్మలేదు, చూడాలనుకున్నదే చూస్తానేమో. ఏమీ చెప్పకుండా అత్తమ్మను చూడమన్నాను. పాపను నాకిచ్చి, ఒక కన్ను మూసుకుని వంగింది.

"దూరంగ రంగురంగుల మరకలున్నయి."

అది జాలి పనే. దగ్గర నుంచి తోసేసిన వెలుగులో కొంత అక్కడ పడుతుంది.

"చుక్క దగ్గర?"

"ఏముంటది, చుక్క ఉంది." కన్ను ఇంకా దగ్గరకు పెట్టి, "జర ఆగు. పక్కన నూకంత ఇంకోటుంది. గది దీని పిల్లనా?"

ఏ వైపో చేత్తో చూపించమన్నాను. టెలిస్కోపులో అంతా తలకిందులుగా కనబడుతుంది కాబట్టి, ఫోన్‌లో చుక్కల పటం తిప్పి సరిచూశాను. అటే. నేనూ చూశాను, తర్వాత జాలి తీసి ఆమెకు మళ్లీ చూపించాను.

"ఏదే, పాయె! పెట్టు, మళ్ల పెట్టు!" అని కసిరింది.

పాపను పడుకోబెట్టి గైడుకు ఫోన్ చేశాను, వస్తున్నానని. ఆయన మెచ్చుకోలేదు. "జాలి ఎంత వెలుగు తినేసింది? లోపలి జాలి వలయాన్ని ఇంకా సన్నం చేస్తే ఆ చుక్క నిలుస్తుందా?" అన్నారు. లెక్క కట్టి చెప్తానన్నాను. పాప నా కాగితం మీద చెయ్యి వేసి నిద్రపోతోంది. ఆ చెయ్యి కదల్చకుండా, మిగిలిన సగంలో లెక్క కడుతున్నాను.