జాబితాలోంచి కొట్టేసిన పాట

రోజంతా దస్తావేజులు రాసి, మండుతున్న కళ్ళతో తిరుపతి బస్సెక్కాను. పక్క సీట్లో కూర్చున్న కుర్రాడు నా సంచిలోని స్టాంపు పేపర్లు చూసి, "సార్, ఇది కొంచెం సదివి సెప్తారా?" అని ఒక కాగితం ఇచ్చాడు. ర్యాప్ పాడతాడట. ఏళ్ళ తరబడి కాలేజీ ఫంక్షన్లలో ఊరికే పాడాక, ఇప్పుడొక మ్యూజిక్ కంపెనీ ఒప్పందం పంపిందట.

బస్సులోనూ కాగితాలేనా అని విసుక్కుంటూనే చదివాను.

"ఈ జాబితాలో ఉండే పన్నెండు పాటలూ ఇంక వాళ్ళవేనబ్బా. వాళ్ళు ఒప్పుకోకుండా నువ్వు యాడా పాడేదానికి లేదు."

"అన్నీనా సార్?"

వాడి ముఖం చూసి ఏదో ఒకటి అనాలనిపించింది. "పొలం అమ్మేవాళ్ళు గూడా పెద్దోళ్ళ సమాధులుండే జాగా మినహాయించి రాయమంటారు," అన్నాను.

కాసేపటికి నా పెన్ను అడిగి తీసుకుని, చివరి పాట పేరు కొట్టేశాడు.

"ఇది మా నాయన మీద కట్టిన పాట సార్. గూడూరు నిమ్మకాయల మండీలో మూటలు మోసి మోసి పోయినాడు. కంపెనీవాళ్ళకి బాగా నచ్చింది ఇదే."

"ఇది లేకుంటే నువ్వే వద్దంటారేమో?"

"అననీలే సార్."

ముందు సీటు కమ్మీ మీద వేళ్ళతో తాళం వేస్తూ, నాకు మాత్రమే వినపడేలా ఆ పాట పాడి, రేణిగుంటలో దిగిపోయాడు.

ఇప్పుడు మా ఆఫీసు ముందరి టీ కొట్టులో అతని పాటలు మోగుతుంటాయి. పదకొండూ విన్నాను. పన్నెండోది ఏ ఫోనులోనూ లేదు. ఎవరైనా సమాధుల జాగా మినహాయించమన్నప్పుడు మాత్రం, రాయడం ఆపి నా వేళ్ళు బల్ల మీద ఆ తాళం వేస్తాయి.