ఖాళీ స్కెచ్ మీద సంతకం

ఆ ఊళ్లో మంచినీళ్ల పైపు ఎక్కడ మలుపు తిరుగుతుందో కచ్చితంగా తెలిసిన మనిషి ఒక్కడే, పంచాయతీ మోటారు వేసే ఆయన. ఆయన మీద పడ్డ నింద గురించి నిజం రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను. కాగితం ముందు కూచున్నప్పుడల్లా భయమేసి లేచిపోయేవాణ్ణి.

ఊళ్లలోకి 4జీ వస్తున్న రోజులవి. నేను ఒక కాంట్రాక్టరు దగ్గర పర్మిషన్ల పని చూసేవాణ్ణి. నరసన్నపేట దగ్గర హైవే పక్కన పాతిన కేబుల్ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ల టవర్ల దాకా భూమిలో ఫైబర్ వేయాలి. తవ్వేది వేరే వాళ్లు. తవ్వకముందు కావలసిన కాగితాలు నావి. పంచాయతీ తీర్మానం, రోడ్ల శాఖ అనుమతి, కరెంటు వాళ్ల సంతకం. మాది వరి పండించే ఇల్లు, నాకు సముద్రం కొత్త. ఆ ఊరి ఆడవాళ్లు మొదటి రోజే నన్ను ఆటపట్టించారు. ఈ తీగ సముద్రంలోకి కూడా ఎల్తాదేటి, ఇంక సేపలకి కూడా ఫోన్లొస్తాయేటి అని అడిగి పడీపడీ నవ్వారు.

అన్ని కాగితాల్లోకీ చిన్నది జాయింట్ ఇన్‌స్పెక్షన్ స్కెచ్. మోటారు వేసే మనిషి డబ్బాలో సున్నం పట్టుకుని ముందు నడుస్తూ, భూమిలో పైపు ఉన్నంత మేరా గీత పోస్తాడు. దానికి మీటరు ఎడంగా మేము మా గీత పోసుకుంటాం. రెండు గీతలనూ కాగితం మీదికి ఎక్కించి, కింద ఇద్దరం సంతకాలు పెడతాం. అది లేకుండా తవ్వే మిషను దింపకూడదు.

ఆయనా నేనూ ఇంచుమించు ఒక వయసు వాళ్లం, నలభై దాటినవాళ్లం. రెండో రోజుకే బావా అంటే బావా అనుకున్నాం. ఆయన భార్య నన్ను తమ్ముడూ అనేది, నేను అక్కడివాళ్లు అక్కని పిలిచినట్టు అప్పా అనేవాణ్ణి. పంచాయతీలో మోటారు పని పేరుకు టెంపరరీ. పుట్టుక చేపల వేటలో కాబట్టి మోటారు వేసి, ఆపి, మిగిలిన పొద్దు అన్నగారి పడవ మీద వెళ్లేవాడు. అలాంటప్పుడు సాయంత్రం మోటారు ఆమే వేసేది.

ఇన్‌స్పెక్షనుకు నేను కుదుర్చుకున్న రోజే రెండు నెలల వేట నిషేధం ముగిసే రోజైంది. నిషేధం తీరాక మొదటి వేటకు ఆ ఊళ్లో కదలగలిగిన మగవాడెవడూ ఒడ్డున ఉండడు. ఆ సంగతి నాకు ముందురోజు సాయంత్రం ఒడ్డుకు వెళ్తే గాని తెలియలేదు. ఆయన పడవలోకి వల ఎక్కిస్తున్నాడు. తడిచేతులు లుంగీకి తుడుచుకుని నా దగ్గరున్న ఖాళీ స్కెచ్ కాగితం తీసుకున్నాడు.

"సంతకం ఎట్టీసినాను బావ. గీత మాత్రం నానొచ్చినాకే గియ్యి. ఐసు షెడ్డు కాడ పైపు దారి నీకు తెల్దు," అన్నాడు.

మధ్యాహ్నానికి వచ్చేస్తానని చెప్పాడు. నేను సరే అన్నాను.

మర్నాడు రెండు దాటినా పడవలు రాలేదు. మిషను అద్దెకు తెచ్చింది, మరుసటి రోజుకు శృంగవరపుకోట వైపు వెళ్లిపోవాలి. ఆకాశం నల్లగా దిగుతోంది. వానలు మొదలైతే ఆ సీజనంతా రోడ్డు తవ్వడానికి అనుమతి ఇవ్వరు. కాంట్రాక్టరు మూడుసార్లు ఫోను చేశాడు. నా దగ్గర పంచాయతీ పాత డ్రాయింగు ఉంది. అందులో పైపు వీధి పొడుగునా తిన్నగా ఉంది, ఐసు షెడ్డు దగ్గర ఏ మలుపూ లేదు. డ్రాయింగు అబద్ధం చెబుతుందా అని నాకు నేనే చెప్పుకున్నాను. సున్నం నేనే పోశాను. స్కూటరు సీటు మీద కాగితం పెట్టి రెండు గీతలూ నేనే గీశాను, ఆయన సంతకం పైన.

ఆ మిషను రోడ్డు పగలగొట్టకుండా నేల లోపల్నుంచి రాడ్డు తోసి దారి చేస్తుంది. రాడ్డు ఐసు షెడ్డు పక్కగా వెళ్తున్నప్పుడు మిషను ఒక్కసారి వణికి, మళ్లీ మామూలుగా తిరిగింది. ఆపరేటరు ఉత్తరాది మనిషి. ఏదో తెగినట్టుంది అన్నాడు హిందీలో. ఇద్దరం నేల వంక చూశాం. నీళ్లు పైకి రాలేదు. ఎలా వస్తాయి, మోటారు వేసేది పొద్దున గంట, సాయంత్రం గంట. రాడ్డు బయటికి వచ్చాక దాని బురదలో గోరంత బూడిదరంగు ప్లాస్టిక్ ముక్క కనిపించింది. ఆపరేటరు దాన్ని నా అరచేతిలో పెట్టాడు. చెత్త అని చెప్పి జేబులో వేసుకున్నాను. కానివ్వమన్నాను. ఆపమనడానికి కూడా ఒక్క మాటే పట్టేది.

ఆ దారిలోకి కేబుల్ గొట్టం లాగి, గుంటలు పూడ్చి, మిషను లారీ ఎక్కించేసరికి ఐదైంది. పడవలు ఇంకా రాలేదు. ఆమెకైనా చెప్పేద్దామని, మోటారు వేయకుండా ఆపుదామని వాళ్లింటికి వెళ్లాను. వెళ్లేసరికి మోటారు హోరు వినిపిస్తోంది. గుమ్మం పక్క కుళాయి కింద బిందె సగం నిండి ఉంది. ఆ వీధి కాలవ ఐసు షెడ్డు కిందుగానే పోతుందని అప్పుడు గుర్తొచ్చింది. చేపలు కడిగిన నీళ్లు, ఇళ్ల నీళ్లు, అన్నీ అందులోనే. పైపు తెగి ఉంటే అవి కుళాయిలోకీ వస్తాయి.

"ఏటి తమ్ముడూ, ముకం అలాగైపోనాది? ముందు నీళ్లు తాగు," అంటూ స్టీలు గ్లాసు ముంచి ఇచ్చింది.

నీళ్లు కొంచెం మసగ్గా ఉన్నాయి, వానాకాలంలో ఎలాగూ ఉంటాయన్నంతగా. జేబులో ముక్క తొడకు గుచ్చుకుంటోంది. ఇప్పుడే కొబ్బరి బొండం తాగానని చెప్పాను.

"పేంటేసినోలకి మా నీళ్లు పడవేటి," అని నవ్వి, ఆ గ్లాసు తనే ఎత్తి తాగేసింది. గొంతు కదలడం చూస్తూ నిలబడ్డాను. మళ్లీ వస్తానని చెప్పి వచ్చేశాను. దారిలో వంశధార వంతెన మీద స్కూటరు ఆపి ఆ ముక్కను నీళ్లలోకి విసిరేశాను.

రెండు రోజులు ఫోను మోగితే ఉలిక్కిపడ్డాను. మూడో రోజు పంచాయతీ కార్యదర్శి చేశాడు. ఊళ్లో వాంతులు, విరేచనాలు, వెంటనే రమ్మన్నాడు. వెళ్లేసరికి బడి కిటికీ ఊచలకు సెలైన్ సీసాలు వేలాడుతున్నాయి. కింద చాపల మీద పిల్లలు, ముసలివాళ్లు. ఆమె లేదు. ఇంకా బాగోలేని వాళ్లతోపాటు శ్రీకాకుళం తీసుకుపోయారన్నారు. ఆ సాయంత్రం ఆసుపత్రికని బయల్దేరి, అరసవల్లి వెళ్లే ఆటోలు ఆగే చోట స్కూటరు నిలిపేశాను. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆమె ఉందంటే ఏం చెప్పాలి, లేదంటే ఏం కావాలి. రెండింటికీ భయమేసి వెనక్కి తిరిగాను.

ఎవరూ చనిపోలేదు. ఆమె తొమ్మిదో రోజున ఇంటికి వచ్చింది. ఇందులో నా మంచితనమేమీ లేదు.

ఐసు షెడ్డు దగ్గర తవ్వితే మా నారింజరంగు కేబుల్ గొట్టం నీళ్ల పైపును చీల్చుకుని పోతూ కనిపించింది. కార్యదర్శి స్కెచ్ తీశాడు. అందులో పైపు మీటరు దూరంలో ఉంది, కింద మోటారాయన సంతకం ఉంది. రామకోవెల అరుగు మీద పెద్దలు కూచున్నారు, నన్నూ పిలిచారు. అప్పటికే ఒకడు ఎంతకి అమ్ముడుపోయినావని ఆయన్ని అడిగేశాడు. అంతకుముందు వచ్చిన తుఫాను తర్వాత ఊరివాళ్లే పైపుని ఐసు షెడ్డు పక్కకి తిప్పుకున్నారు, అది పాత డ్రాయింగులోకి ఎక్కలేదు, దగ్గరుండి తిప్పించింది ఆయనే. తెలిసి తెలిసీ తప్పు గీత చూపించాడని వాళ్లు నమ్మడానికి అది చాలింది.

ఊరిపెద్ద నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు. గీత ఈడు సూపించినాడా?"

మగవాళ్లంతా నా చుట్టూ నిలబడి ఉన్నారు. కొందరి ఇళ్లలో ఇంకా పిల్లలు లేవలేదు. నిజం చెబితే అక్కడినుంచి కాళ్లతో నడిచి వెళ్లనేమో అనిపించింది. చంకలో ఫైలు తడిసిపోయింది, చెమటకి.

చూపించాడు అన్నాను.

ఆయన నా వంక చూశాడు. ఖాళీ కాగితం మీద సంతకం ఎట్టినాను అని మొదలుపెట్టి, ఆ మాట తనకే ఎదురు తిరుగుతుందని తెలిసినట్టు ఆగిపోయాడు. ఎవరూ వినలేదు. మోటారు పని తీసేశారు. ఎదురుపడితే మొహం తిప్పుకునేవాళ్లట. దీపావళి లోపే గుజరాత్ వెళ్లిపోయాడు, వేరావల్ పడవల మీద కూలికి. ఆ వయసులో అంత దూరం సముద్రంలోకి వెళ్లేవాళ్లు తక్కువ. అప్పటినుంచి పేపర్లో గుజరాత్ పడవలు మునిగాయనో పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారనో ఏ వార్త వచ్చినా, ముందు మన జిల్లా మనుషులెవరైనా ఉన్నారేమోనని వెతుకుతాను.

ఏడాది తర్వాత ఒకసారి ధైర్యం చేసి వెళ్లాను. ఆమె ఒడ్డున చేపలకు ఉప్పు పడుతోంది. చిక్కిపోయింది. నిలబడే అంతా చెప్పాను, ప్లాస్టిక్ ముక్కతో సహా, గ్లాసుతో సహా. ఆమె తిట్టలేదు, చేతులు ఆగలేదు.

"నాకేటి సెప్తావు? ఆయన అమ్ముడుపోలేదని నాకు తెల్సు. ఆళ్లకి సెప్పు," అంది రామకోవెల వైపు చూపిస్తూ.

ఆదివారం వస్తానన్నాను. ఆదివారం వెళ్లలేదు. తర్వాతి ఆదివారం కూడా.

ఇందులో ఊరి పేరు రాయలేదు, నా పేరూ రాయలేదు. భయం ఇంకా పోలేదు మరి. అయినా ఐసు షెడ్డు దగ్గర పైపు తెగిన ఊరు ఏదో ఆ ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. చదువొచ్చిన వాళ్లెవరైనా ఉంటే రామకోవెల అరుగు మీద ఈ ఒక్క ముక్క పైకి చదవండి, ఆమెను కూడా పిలిచి. ఆయన సంతకం పెట్టినప్పుడు కాగితం మీద ఏ గీతా లేదు. వచ్చినాకే గియ్యమన్నాడు. గీసింది నేను.