మా తమ్ముడి బీగరూట

నా పెళ్ళి కోలారు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పదకొండున్నరకల్లా అయిపోయింది. రెండు పూలదండలు, ముగ్గురు సాక్షులు, ఆ తర్వాత బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో ఇరవై మందికి మసాలా దోసె, కాఫీ. ఇది జరిగి ఎనిమిదేళ్ళు. అప్పటి నుంచి ఎక్కడ పెళ్ళి ఖర్చుల మాట వచ్చినా నేను ఆ కథ ఎత్తుకునేదాన్ని. కోలారు పక్కన నరసాపురం ఫ్యాక్టరీకి మమ్మల్ని తీసుకుపోయే బస్సులో నా పక్కన కూర్చునే ఆడపిల్లలకు అది నోటికి వచ్చు. "అక్కా, తొందరగా దోసె కాడికి రా" అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. అంత గర్వం నాకు.

ఆ రోజు మా నాయిన దోసె ముట్టలేదన్న సంగతి నాకు ఏడేళ్ళ తర్వాత తెలిసింది. కడుపు బాగలేదని చెప్పి కాఫీ తాగి లేచినాడట. మా అమ్మ చూసిందట. నేను నా సంతోషంలో ఉండి చూడలేదు.

మాది క్యాసంబళ్ళి దగ్గర చిన్న ఊరు. కొంచెం రాగి చేను, అమ్మ చేతి కింద మూడు ఆవులు. ఇల్లు గడిచేది ఆ ఆవుల మీదే. డెయిరీలో పాల డబ్బులు ఇచ్చే రోజును మా ఊళ్ళో బటవాడా అంటారు. మా ఇంట్లో ఉప్పు, పప్పు, మాత్రలు అన్నీ ఆ రోజు కోసం ఎదురుచూసేవి. నన్ను చదివించింది కూడా ఆ పాలే.

పోయిన సంవత్సరం మా తమ్ముడికి కేజీఎఫ్‌లో సంబంధం కుదిరింది. పిల్ల తండ్రి గనిలో పనిచేసిన మనిషి. గనులు మూతపడిన తర్వాత లాండ్రీ అంగడి పెట్టుకుని ఇద్దరు బిడ్డల్ని పెంచినాడు. కంపెనీ వాళ్ళు కట్టిన చిన్న క్వార్టర్స్ ఇంట్లో మాకు టీ ఇచ్చి, మా నాయినను వియ్యంకుడి వరసతో బీగురూ అని పిలుస్తూ చుట్టు తిప్పకుండా మాట్లాడినాడు.

"చూడండి బీగురూ, నా చేతిలో లేని దుడ్డు నేను ఖర్చు పెట్టను. గుళ్ళో తాళి కట్టిద్దాం. అందరికీ చిత్రాన్నం, పాయసం పెడదాం. పిల్ల కూడా అదే కావాలంటా ఉండాది."

నాకు ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. మా నాయిన కూడా తల ఊపినాడు. "పెళ్ళి మీ ఇష్టం ప్రకారమే చేస్తామప్పా" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునే లోపలే మిగతా మాట అనేసినాడు. "బీగరూట మాత్రం మా ఇంటి కాడ. అది మాది."

బీగరూట అంటే పెళ్ళయిన రెండు మూడు రోజులకు మగపిల్లవాడి ఇంటి వాళ్ళు వియ్యాల వారికీ, ఊరికీ పెట్టే మాంసం విందు. మా వైపు పెళ్ళి ఎలా జరిగిందో జనం మరిచిపోతారు గానీ బీగరూటలో ముక్కలు ఎన్ని పడ్డాయో మరిచిపోరు. మా ఊళ్ళో ఆ విందు పెట్టాలంటే కనీసం పన్నెండు గొర్రెలు తెగాలి.

తిరుగు బస్సులో నేను నాయినతో పోట్లాడినాను. బస్సులో అందరూ వింటున్నా ఆగలేదు. ఎవరి మెప్పు కోసం ఇదంతా అని అడిగినాను. ఆయన కిటికీ వైపు చూస్తూ నిదానంగా చెప్పినాడు.

"మెప్పు కాదమ్మా. ముప్పై ఐదేండ్లుగా ఊళ్ళో ప్రతి ఇంట్లో కూర్చుని తిన్నా. ఒక్క ఇల్లు విడిచిపెట్టలేదు. కూలికి పోయేవాడి ఇంట్లో కూడా ఆకు ముందర కూర్చుంటి. వాళ్ళు మాత్రం యాడనుంచి తెచ్చి పెట్టినారు? నీ పెళ్ళికి పెట్టి తీర్చుకుందాం అనుకొంటి. నువ్వు దోసె పెట్టిస్తివి. ఇంగ వీడు ఒక్కడే ఉండాడు."

నేను మిగిల్చినాననుకున్నదంతా ఆయన లోపల బాకీగా పడి ఉందని అప్పుడు అర్థమైంది. కోపం మాత్రం పోలేదు.

మా నాయిన డాబు కోసం చేసినాడని రాస్తే నాకు సులువు. చదివేవాళ్ళూ ఒప్పుకుంటారు. కానీ ఆయనకు ఉండేది రెండు పంచెలు, ఒక పాత స్వెట్టరు. ఆయనది డాబు కాదు, భయం. తిన్నది తిరిగి పెట్టకుండా చచ్చిపోతానేమో అని భయం. దాని ముందు నా లెక్కలు ఒక్కటీ నిలబడలేదు.

గౌనిపల్లి వైపు నుంచి ఒక బేరగాడు వచ్చి రెండు ఆవుల్ని తోలుకుపోయినాడు. పాలిచ్చే ఆవులే. అమ్మ వాటి నుదుటికి పసుపు పూసి లోపలికి పోయి తలుపేసుకుంది. మరుసటి రోజు పాలు తీసుకుపోవడానికి చిన్న క్యాను వెతుక్కుంది. ఆవుల డబ్బు చాలలేదు. నాయిన కోలారుకు వచ్చి మా ఇంటి మెట్ల మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే రాడు, అడగమంటే అడగడు. చెప్పు వారు మాత్రం సర్దుకుంటున్నాడు. నేను నా జీతం కాగితాలు బ్యాంకులో పెట్టి అప్పు తీసుకున్నాను. ఐదేళ్ళు కట్టాలి. మా ఆయన వద్దని అనలేదు. అని ఉంటే బాగుండేది, నేను ఆ వంకతోనైనా ఆగేదాన్నేమో. ఇన్నేళ్ళు బస్సులో అందరికీ బుద్ధులు చెప్పినదాన్ని, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టేసినాను.

ఇంత చేసినాక కొత్త గండం పడింది. మా వీధి చివర మా దాయాదుల్లో అందరికంటే పెద్దాయన, మా నాయినకు పెద్దనాయిన వరస, మంచం పట్టినాడు. మా వాళ్ళలో దాయాదుల ఇంట్లో చావు అయితే పదకొండు రోజులు సూతకం. విందు మాటే ఎత్తకూడదు. ఊళ్ళో సగం ఇళ్ళు మా దాయాదులవే. గొర్రెలకు బయానా ఇచ్చినాము, వంటవాళ్ళకు ఇచ్చినాము, షామియానాకు ఇచ్చినాము. అదంతా మళ్ళీ ఇంకోసారి తేవడానికి ఆవులు లేవు, నా పేరు మీద ఇంకో అప్పు పుట్టదు.

నాయిన పెళ్ళిని అనుకున్నదానికంటే రెండు వారాలు ముందే పెట్టించినాడు. ప్రతి సాయంత్రం ఫ్లాస్కులో పాలు పోసుకుని పెద్దాయన దగ్గరికి పోయేవాడు. స్పూనుతో తాగించి, నాడి చూసి, ఇంటికి వచ్చి "పర్వాలేదు" అనేవాడు. పరీక్ష ఫలితాలు చెప్పినట్టు చెప్పేవాడు. నాకు నవ్వు వచ్చేది, ఆ నవ్వుకు నా మీద నాకే అసహ్యం వేసేది. ఆ పెద్దాయనే నాయిన పెళ్ళికి రెండు గొర్రెలు తోలించి బీగరూట పెట్టించిన మనిషి. ఆయన మీద నాయినకు ప్రేమే. కానీ ఆ రోజుల్లో ఆ ప్రేమలో మా బీగరూట ఆదివారం ఒకటి దూరింది.

పెద్దాయనకు అన్నీ తెలుసు. ఒక రోజు నేను కూడా ఉన్నాను. నాయిన చెయ్యి పట్టుకుని చెప్పినాడు.

"భయపడొద్దురా అబ్బోడా. నీ కూడు తినే పోతాను."

శుక్రవారం కేజీఎఫ్ గుళ్ళో పెళ్ళి జరిగింది. చిత్రాన్నం, పాయసం. మా మరదలు అద్దె నగలు కూడా పెట్టుకోలేదు, చక్కగా ఉంది. ఆ పూట అందరమూ నవ్వుతూనే ఉన్నాము. మొదటి నుంచీ అక్కడితో చాలనుకుని ఉంటే మా అమ్మకు మూడు ఆవులు ఉండేవి.

ఆదివారం తెల్లవారేసరికి పన్నెండు గొర్రెలూ తెగినాయి. పెరట్లో ఐదు పొయ్యిలు మండుతున్నాయి. మిగిలిన ఒక్క ఆవు దగ్గర నేను పాలు పిండుతుంటే పెద్దాయన కోడలు, నాకు పెద్దమ్మ, వెనక గోడ పక్క నుంచి వచ్చింది. అంటు తగలకూడదన్నట్టు నాకు ఐదడుగుల దూరంలో నిలబడింది. అక్కడే నాకు తెలిసిపోయింది.

"పాపా, మామ పోయినాడు. ఇప్పుడే" అంది. నేను లేవబోతే చెయ్యి అడ్డం చూపించింది.

"నీకే చెప్తా ఉండా. నువ్వు వేరే ఇంటి దానివి, నీకు మా అంటు లేదు. మీ నాయిన చెవిలో పడితే ఆ గడియ నుంచే సూతకం. పడకపోతే లేదు. మామే చెప్పి పోయినాడు, ఆదివారం అయితే ఊట ముగిసేదాక ఎవురూ నోరు తెరవొద్దండని. మేము తలుపేసుకుంటాము. ముగిసినాక నువ్వు వచ్చి చెప్పు, అప్పుడు ఏడుస్తాము."

చెప్పి పోయింది. పాల చెంబు నా చేతిలో ఉంది. పెరట్లో వంటవాళ్ళు ఉప్పు చాలిందా అని అరుస్తున్నారు. నాకు ఆలోచించే వ్యవధి లేదని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. వ్యవధి ఉంది. నేను ఆలోచించినాను. పన్నెండు గొర్రెల మాంసం గుంతలో పోసి పూడ్చడం, నాయిన ముఖం, నా ఐదేళ్ళ జీతం, అన్నీ వరసగా ఆలోచించే నోరు మూసుకున్నాను.

పదకొండు గంటలకు మొదటి పంక్తి కూర్చుంది. సంగటి, మటన్ సారు, తలకాయ కూర, అన్నం. కేజీఎఫ్ నుంచి రెండు వ్యాన్లలో వచ్చినారు. నాయిన పంక్తి పంక్తికీ వంగి వంగి తిరిగినాడు. "ఇంగొక ముక్క వెయ్యండప్పా, ఈ పక్క ఆకు చూడండప్పా" అని ఆయన గొంతు బొంగురుపోయింది. తిని లేచిన ప్రతివాడికీ చేతులు జోడించి "కడుపు నిండిందా" అని అడిగినాడు. నా జన్మలో ఆయన్ను అంత సంతోషంగా చూడలేదు. వియ్యంకుడు చెయ్యి కడుక్కుంటూ "వద్దంటి గానీ బీగురూ, బాగుండాది" అంటే నాయిన చిన్నపిల్లవాడిలా సిగ్గుపడినాడు.

నేను వడ్డిస్తూ వీధి చివర మూసిన తలుపు చూస్తూనే ఉన్నాను. ఎవరైనా ఆ వైపు నడిస్తే ఏదో ఒక పని చెప్పి వెనక్కి పిలిచేదాన్ని. పెద్దాయన పెద్దకొడుకు మాత్రం తెల్ల చొక్కా వేసుకుని వచ్చి షామియానా బయట నిలబడినాడు. తాను కనిపించకపోతే ఎవరైనా ఇంటికి వెతుక్కుంటూ పోతారని వచ్చినాడు. లోపలికి రాలేదు, దేన్నీ ముట్టలేదు. నాయిన పోయి "రా అన్నా, కూర్చో" అని భుజం పట్టబోతే వెనక్కి జరిగినాడు. "నాయినకు కొంచెం జొరంగా ఉండాది. తర్వాత తింటానులే" అన్నాడు. తండ్రిని ఇంట్లో పడుకోబెట్టి వచ్చి, మా ఇంటికి వచ్చే వాళ్ళకు నమస్కారం పెడుతూ నిలబడినాడు ఆ మనిషి. నేను చూడలేక కూర బకెట్టుతో లోపలికి పోయినాను.

రెండున్నరకు నాయిన వంటవాళ్ళ దగ్గర నుంచి క్యారియర్ తీసుకున్నాడు. అడుగు గిన్నెలో మెత్తని కార్జం ముక్కలు ఏరి వేసినాడు. పళ్ళు లేవు కదా అని వాటిని వేళ్ళతో చిదిమినాడు కూడా.

"నేను ఇచ్చి వస్తా నాయినా" అన్నాను.

"నువ్వు కాదమ్మా. నా కూడు తింటానని చెప్పినాడు ఆయప్ప. నేనే తినిపించాల."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఇంకా ఒక పంక్తి మిగిలి ఉంది. నేను చెప్పలేదు. ఆయన వెనకే నడిచినాను.

పెద్దమ్మ తలుపు కొంచెం తెరిచింది. నాయిన తోసుకుని లోపలికి పోయినాడు. పెద్దాయనను ఉత్తరం గోడ వారగా పడుకోబెట్టినారు. తల దగ్గర దీపం ఉంది. చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్ళు నోట్లో కొంగులు కుక్కుకుని కూర్చున్నారు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి, చప్పుడు లేదు. నాయిన చేతిలో క్యారియర్‌తో నిలబడిపోయినాడు. పెద్దమ్మ ఆయన్ను చూడలేదు, నన్ను చూసింది. అయిందా అన్నట్టు చూసింది. నేను తల ఊపినాను.

అప్పుడు ఆమె నోట్లో కొంగు తీసి మొదటి ఏడుపు ఏడ్చింది. తర్వాత అందరూ ఏడ్చినారు. ఆ ఏడుపు మా షామియానా దాకా వినిపించింది, చివరి పంక్తి ఆకుల ముందు నుంచి లేచిపోయింది. నాయిన గడప మీద కూర్చున్నాడు. క్యారియర్ ఒళ్ళోనే ఉంది.

పదకొండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. తిడతాడని ఎదురుచూసినాను, తిట్టలేదు. కర్మాంతరం అయిన రోజు సాయంత్రం నేను కోలారుకు బయలుదేరుతుంటే ఒక్క ఆవే మిగిలిన పశువుల కొట్టం అరుగు మీద కూర్చుని పిలిచినాడు. మా అమ్మ చిన్న క్యాను కడుగుతోంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. తప్పయిందని చెప్పబోయినాను.

"అది కాదమ్మా" అన్నాడు. "అందరి కూడూ తీర్చేస్తిని, ఇంగ నెమ్మదిగా పోవచ్చు అనుకొంటి. వాళ్ళు పొద్దున నుంచి నా కోసరం ఏడుపు మింగుకుని కూర్చునిరి. ఇది ఎట్ల తీర్చేది?"

మాట వరసకు అడగలేదు ఆయన. నేను చదువుకున్నదాన్ని, జీతం తెచ్చేదాన్ని, దేనికైనా దారి చెప్తానని నిజంగానే నన్ను అడిగినాడు. జవాబు కోసం నా ముఖం చూస్తూ కూర్చున్నాడు.