ఈలలు వినబడని లైవ్ రికార్డింగు

ఈ మధ్యాహ్నం గద్వాలలోని నా ఫొటో స్టూడియోకి గౌస్ వచ్చాడు. చిన్నప్పటి స్నేహితుడు, పెళ్లి బ్యాండులో డ్రమ్ము వాయిస్తాడు. ఒక జర్మన్ రాక్ బ్యాండంటే మా ఇద్దరికీ పిచ్చి. మాటలు ఒక్క ముక్క అర్థం కావు, అయినా వాళ్ల లైవ్ కచేరీ రికార్డింగును క్యాసెట్ల కాలం నుంచి వింటున్నాం. గిరాకీ లేదని ఇవాళ కూడా అదే పెట్టాను.

పాట ముగిశాక వేలమంది ఈలలు వేస్తారు. అక్కడ గౌస్ కూడా వేస్తాడు. ఇవాళ వేయలేదు.

"ఇది వేరే రికార్డింగారా? ఈలలేవి?" అన్నాడు.

పరాచికమనుకుని సౌండు పెంచాను. కాసేపు చెవి ఒగ్గి విన్నాడు.

"డ్రమ్ము మంచిగనే ఇనొస్తుంది. సన్నటి ఈలలే ఇనొస్తలేవు."

"ఎప్పటి సంది?"

"తెల్వదు. రోజూ డీజే పక్కనే నిలబడి వాయిస్త కద. ఇంట్ల షబానాకు చెప్పకు, పరేషాన్ అయితది."

చెప్పనని మాటిచ్చి, దవాఖానకు పోదామని చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకున్నాడు. సంగతి తెలిస్తే బ్యాండులోంచి తీసేస్తారని అతని భయం. పెళ్లిళ్ల సీజను అయ్యాక చూద్దామని వెళ్లిపోయాడు.

సాయంత్రం బజారులో అతని భార్య షబానా ఎదురైంది.

"అన్నా, ఈమధ్య మా ఆయన పిలిస్తే పలుకుతలేడు. నా మీద కోపమున్నదా? నీకేమన్న చెప్పిండా?"

ఏమీ లేదమ్మా అన్నాను. ఆమె నమ్మలేదు, తల దించుకుని వెళ్లిపోయింది.

స్నేహితుడికిచ్చిన మాట నిలబెట్టుకోవడమంటే ఇదేనేమో మరి. మీరైతే ఆమెకు ఏం చెప్పేవారు?